ఒకే ప్రతి

అచ్చు అనగానే మనకు స్ఫురించునది సంఖ్య. పలక ఒకటి, ప్రతులు వేయి. మొదటి ప్రతికిని వేయవ ప్రతికిని భేదము కానరాకుండుటయే అచ్చు పనివాని నేర్పు. తాటాకుపై గంటముతో గీచి, ఒక్కొక్క గ్రంథమునకు నెలలు వెచ్చించిన దేశములో చదువు పెట్టెలనుండి వీధులలోనికి వచ్చినది ఈ గుణమువలననే. ఆడుపిల్లల చేతికి పుస్తకమందినదియు దీని చలువచేతనే. కావున ఒకే రీతిగా పెక్కింటిని చేయుటను మేము తక్కువచేసి మాటాడబోము. అయినను ఒక్క ప్రతిని మాత్రమే యిచ్చి, అచ్చముగ అట్టిదే రెండవదానిని ఇయ్యనొల్లని అచ్చు ఒకటి కలదు. దానిని రెండేండ్లుగా మా ఇంటి భోజనపు బల్లమీద అభ్యసించుచున్నాము. దానినిగూర్చి చెప్పవలసినదానిలో రంగులకు మించినది కొంత యున్నది గనుక ఈ నాలుగు మాటలు.

దీనిని మోనోప్రింటు అందురు. ఏమియు చెక్కని నున్నని పలకనుండి తీసినది మోనోటైపు అనియు, పలకపై మారని గీత యేదేని యుండగా ప్రతిసారియు వేరువేరుగా రంగు వేసి తీసినది మోనోప్రింటు అనియు తెలిసినవారు విడదీయుదురు గాని, ఇంటివాడుకలో రెండింటికిని ఈ యొక్క పేరే చెల్లుచున్నది. మేము వాడునది జెల్ ప్లేటు. అది జున్నుముక్కవలె మెత్తగా, అద్దమువలె తేటగా నుండు పలక. దానిపై ఆక్రిలిక్ రంగును రెండు మూడు చుక్కలు వేసి, రబ్బరు రోలరుతో పలుచగా పరచవలెను. తడి ఆరకమునుపే ఒక ఆకునో, దారపు పోగునో, చిల్లుల గుడ్డనో దానిపై నుంచి, కాగితము కప్పి, అరచేతితో నిమిరి ఎత్తవలెను. ఆకున్నచోట కాగితము తెల్లగా మిగులును. చుట్టును రంగు పట్టును. పిమ్మట ఆకును తీసివేసి మరియొక కాగితము వేసినచో, ఆకు క్రింద దాగియున్న రంగు లేచివచ్చి ఈనెలతోగూడ ఆ యాకు రూపము కనబడును. ఈ రెండవదానిని మా ఇంటిలో నీడముద్ర యందుము. మొదటిదానికన్న నీడముద్రయే చాలమారులు అందముగా నుండును.

ఈ విద్య క్రొత్తది కాదు. జెనోవా పట్టణపు చిత్రకారుడు కాస్టిగ్లియోనె 1640 ప్రాంతములలోనే రాగిపలకకు సిరా పూసి, వెలుతురు కావలసినచోట తుడిచి, ఒక్కొక్క చిత్రమును అచ్చుతీసెను. ఫ్రాన్సులో డెగా 1870 దశకపు నడిమినుండి ఈ పద్ధతిని చేపట్టి వందలకొలది ముద్రలు చేసెను. మొదటి ప్రతి తీసిన తరువాత పలకమీద మిగిలిన కొద్ది సిరాతో రెండవ ప్రతిని పలుచగా తీసి, దానిపై పాస్టెల్ సుద్దలతో రంగులు దిద్దుట ఆయన అలవాటు. వెలవెలబోయిన ప్రతియే మరియొక చిత్రమునకు నేల యయ్యెను. 2016లో న్యూయార్కు నగరపు ఆధునిక కళా ప్రదర్శనశాలవారు ఈ ముద్రలనే ప్రధానముగా చేసి పెద్ద ప్రదర్శన నడిపిరి. అయితే వారి పలకలు లోహపువి. వానికి బరువైన ఒత్తుడు యంత్రము కావలసియుండెను. జెల్ పలకకు అరచేయి చాలును. యంత్రశాలలోని విద్య వంటింటి ప్రక్కకు వచ్చుటకు కారణమిదియే.

పలక ఇల్లు చేరిన దినమున మొదట దానిని పరీక్షించినవారు మా అత్తగారు. ఆమెకు డెబ్బదియెనిమిది యేండ్లు. వ్రేలితో తాకి, "ఇదేమిటమ్మా, చల్లగా కప్పపొట్టలా ఉంది! దేనితో చేశారిది?" అని యడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. ఇట్టి పలకలను జెలటినుతో చేయు పద్ధతి పూర్వమునుండి యున్నది. జెలటిను పశువుల చర్మములనుండియు ఎముకలనుండియు తీయబడును. మా ఇంట మాంసము వండరు. సందేహ మెందులకని మాట దాటవేయుట మనకు సుళువైన అలవాటు. పెద్దవారికి తెలియదు గదా యని ఎన్నిటినో చాటుగా ఇంటిలోనికి తెచ్చి దానికి సంస్కారమని పేరు పెట్టుచున్నాము. మేము ఉన్నదున్నట్లు చెప్పితిమి: ఇది జెలటినుది కాదు, ఖనిజపు నూనెతో చేసినది, చెడిపోదు, మంచుపెట్టెలో పెట్టనక్కరలేదు, జెలటినుది కూడ చేసికొనవచ్చును గాని మీకిష్టము లేనియెడల చేయము. ఆమె కొంతసేపు ఊరకుండి, "తెలియక తిన్నది వేరు, తెలిసి దాచింది వేరు. చెప్పావు, చాలు" అనిరి. నాటినుండి బల్లకు ఆవలివైపు కుర్చీ ఆమెది.

జెలటినును గూర్చి మరియొక మాట. జెలటిను జెల్లీ 30, 35 డిగ్రీల వేడిమికే కరగును. గోదావరి గట్టున రోహిణి కార్తెలో దానితో పలక చేసినచో మధ్యాహ్నమునకు పానకము మిగులును. దానికి బదులు చైనా గ్రాసు పనికివచ్చును. అది సముద్రపు నాచునుండి తీసినది. ఒకమారు గట్టిపడిన పిమ్మట 80 డిగ్రీలు దాటినగాని కరగదు. అయితే పెళుసుగా నుండును. కొలదిదినములలో ఎండిపోవుటయో, బూజు పట్టుటయో జరుగును. కొన్న పలకకు వెల ఎక్కువ యని వెనుదీయు ఇండ్లవారు చైనా గ్రాసుతో ఆరంభింపవచ్చును. అందుకు వాడిన గిన్నెలను మరల వంటకు వాడరాదు. రంగుగుడ్డ వంటింటి గుడ్డలలో కలియరాదు.

ఇక పొరల సంగతి. ఆక్రిలిక్ రంగు ఈ పనికి ఇంతగా అమరుటకు కారణమున్నది. దానిలో రంగుపొడితోబాటు అతిసూక్ష్మమైన ప్లాస్టిక్కు కణములు నీటిలో తేలుచుండును. నీరు ఆవిరియైనకొలది ఆ కణములు ఒకదానినొకటి పట్టుకొని పొరగా నేర్పడును. ఆ పొర మరల నీటికి కరగదు. నీటిరంగుమీద మరల తడి తగిలినచో క్రిందిది కదలును. ఆక్రిలిక్ ఆరిన పిదప కదలదు. కావున దానిమీద రెండవ పొర, మూడవ పొర నిర్భయముగా వేయవచ్చును. ఇట్లు నీటితో కలియు ఆక్రిలిక్ రంగులు చిత్రకారులకు 1955లో అమెరికాలో లిక్విటెక్స్ అను పేర వెలువడినవి. మన ఊళ్ల బడులలో దొరకు సీసాలన్నియు ఆ వంశమునకు చెందినవే. వడగాడ్పు వీచుదినములలో ఈ రంగు నిమిషములో ఆరిపోవును. పంకా ఆపి, కిటికీ మూసి పని చేయవలెను. శ్రావణపు ముసురులో నింపాదిగా ఆరును. చేతికి తీరిక దొరకును.

రంగులలోను రెండు స్వభావములున్నవి. కొన్ని అద్దమువంటివి, క్రిందిదానిని చూపుచునే తమ ఛాయను కలుపును. పసుపు పొర ఆరిన తరువాత అట్టి నీలమును పలుచగా వేసినచో రెండును కలిసి కంటికి ఆకుపచ్చ తోచును. కొన్ని గోడవంటివి, తెలుపు కలిసినదెల్ల క్రిందిదానిని కప్పివేయును. ఎఱ్ఱని పొరపై పచ్చని పొర వేసినచో రెండును చచ్చి బురదరంగు మిగులును. మరియొక వింత కలదు. కాగితముమీద పొరలు వేసినచో చివర వేసినది పైన నుండును. అటుగాక పలకమీదనే పొరపై పొర ఆరబెట్టి, కడపట పలుచని రంగు పూత వేసి, కాగితము కప్పి, ఆరిన పిమ్మట ఒక్కమారుగా ఊడదీసినచో, క్రమమంతయు తలక్రిందులగును. ముందు వేసినది పైకి వచ్చును. కడపట వేసినది వెనుకకు పోయి నేలయగును. కుడి ఎడమయగును. ఇది తెలిసికొని పని చేయువాడు ఆరంభముననే కడపటి రూపమును తలపోసికొనవలెను. ఇంత ఆలోచించినను, పలక ఇచ్చునది సరిగా మన తలపులోనిది కాదు.

ఈ పనిలోనికి మా మేనకోడలు వచ్చిన విధము చెప్పెదము. మా తమ్ముని కుమార్తె, అప్పటికి పదునెనిమిదేండ్లు. రెండేండ్లు హాస్టలులో నుండి ఇంటర్మీడియెటు ముగించి, వైద్యవిద్యా ప్రవేశపరీక్ష వ్రాసి, తగిన ర్యాంకు రాక, వేసవిలో మా ఇంటికి వచ్చినది. ఆ కళాశాల పేరు ఇచట అనవసరము. అట్టివి ఒకటి రెండు కావు. తెల్లవారుజామునుండి రాత్రి పదింటివరకు గంటలు పంచియిచ్చి, వారము వారము మార్కుల పట్టీ గోడకంటించి, ఒకే జవాబును ఒకే మాటలలో అందరిచేతను పలికించు పద్ధతిలో పిల్ల రెండేండ్లు గడిపినది. వచ్చిన క్రొత్తలో ఆమెయందు మేము కనిపెట్టినది ఒకటి. చీటీమీద సరకుల పట్టీ వ్రాయునపుడు ఒక అక్షరము తప్పినను ఆ కాగితమును చించివేసి మరల మొదటినుండి వ్రాసెడిది. కొట్టివేతను కంటితో చూడజాలకుండెను.

బల్లయొద్దకు ఆమెను మేము పిలువలేదు. తానే వచ్చి నిలిచి, ఒకనాడు రోలరు నందుకొన్నది. మొదటి ముద్ర ఎఱుపుతో బాగుగనే వచ్చినది. దానిపై పచ్చ వేసినది. బురద యయ్యెను. వెంటనే ఆ కాగితమును నలుపబోవుచుండగా మా అత్తగారు చేయి పట్టుకొని, "ముగ్గు చెదిరితే వాకిలి పారేస్తామా?" అనిరి. పిల్ల నవ్వలేదు, కాగితమును మాత్రము బల్లపై నుంచినది. మరునాడు ఆ బురద ఆరియున్నది. పలకపై తెలుపు కలిపిన లేతపసుపును పరచి, దొడ్డిలోని లేత బొప్పాయి ఆకు నొకదానిని పెట్టి, ఆ పాత కాగితమునే దానిపై బోర్లించితిమి. ఎత్తి చూడగా చుట్టును ఎండవంటి పసుపు. నడుమ, రంగు తగులనిచోట, నిన్నటి బురదయే బొప్పాయి ఆకు రూపమున నిలిచియున్నది. అంత నిండైన కపిలవర్ణమును సీసాలోనుండి నేరుగా తీయజాలము. పిల్ల ఆ కాగితమును చాలసేపు చేత పట్టుకొన్నది. "అత్తయ్యా, దీనికి మార్కులు వేయాలంటే నిన్న వేయాలా, ఇవాళ వేయాలా?" అని యడిగినది. మాకు జవాబు తోచలేదు. నేటికిని తోచదు.

ఈ పొరల విద్యను మన తాతలెరుగనిదిగా తలంచుట తగదు. బందరు కలంకారీ బట్ట ఎట్లగునో చూచినవారికి తెలియును. కరక్కాయ కషాయమున పాలు కలిపి బట్టను తడిపి యారబెట్టుదురు. ఇనుమును బెల్లమును నీట పులియబెట్టి తీసిన నలుపును చెక్క అచ్చుతో అద్దుదురు. ఎఱుపు కావలసినచోట మొదట పటికనీరద్ది, ఉతికి, ఎఱ్ఱరంగు కషాయములో ఉడికింతురు. పటిక యున్నచోట రంగు నిలుచును. ప్రతి పొరకును నడుమ ఎండ, నీరు, ఓపిక. తరువాతి తరములో మన చిత్తూరు జిల్లా నందనూరున 1925లో జన్మించిన కృష్ణారెడ్డిగారు శాంతినికేతనములో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 అను ముద్రణశాలలో చేరి, ఒకే లోహపు పలకనుండి పెక్కు రంగులను ఒక్కమారుగా అచ్చుతీయు విధానమును సహచరులతో కలిసి సాధించిరి. పలకను లోతులు లోతులుగా చెక్కి, సిరాలలో నూనెపాలు హెచ్చించియు తగ్గించియు, మెత్తని రోలరుతో ఒకటి, గట్టి రోలరుతో మరియొకటి వేసినచో, పలుచని సిరా చిక్కని సిరాను తనపై నిలువనీయదు. ఏ రంగు చోటు దానికి మిగులును. ఆయన 2018లో న్యూయార్కున మరణించిరి. లోకములోని ముద్రణశాలలలో ఆయన పేరు తెలిసినంత మన ఇండ్లలో తెలియదు. ఆయనది మహావిద్య, మాది బల్లమీది ఆట. అయినను రంగులను ఒకదానికొకటి శత్రువులు కాకుండ కూర్చుట అచటను ఇచటను ఉన్న పనియే.

ఆషాఢమున మా తమ్ముడు వచ్చెను. పిల్లను మరియొక సంవత్సరము లాంగ్ టర్ము శిక్షణకు పంపుటకు డబ్బు సిద్ధపరచుకొని వచ్చెను. గోడకు వ్రేలాడుచున్న ముద్రలను చూచి, "అక్కా, ఆకులకు రంగులు పూస్తే సీటొస్తుందా?" అనెను. అతనిని మేము నిందింపము. చేయుచున్నది చిన్న ఉద్యోగము; చేసినది అప్పు; కోరినది బిడ్డ మేలు. "రాదురా" అని మాత్రము చెప్పితిమి. ఈ రంగులు రోగమును కుదుర్చుననియు, బుద్ధిని పెంచుననియు, మార్కులను హెచ్చించుననియు చెప్పువారు కలరు. మాకట్టి ప్రమాణము లేదు. లేనిదానిని చెప్పి తమ్ముని ఒప్పించుట ఆ పిల్లకు చేయు మేలు కానేరదు.

అపుడు పిల్లయే మాటాడినది. "నాన్నా, నేను మళ్లీ ఆ హాస్టలుకు వెళ్లను. చదువు మానను. ఆ చదువు మానతాను" అన్నది. ఆ యింట ఆమె గొంతు అంత స్పష్టముగా మేమంతవరకు వినలేదు. ఆకుల ఈనెలను ముద్రించుచు ముద్రించుచు, జామ ఆకు ఈనెలు అంచు చేరకమునుపే ఒకదానితో నొకటి ఎట్లు కలియునో, రావి ఆకు తోక అంత పొడవేలనో, అరటి ఆకు ఈనెలు వలవలె అల్లుకొనక వరుసగా ఏల పోవునో ఆమె పుస్తకములు తిరుగవేయుచుండెనని మాకు తెలియును. వృక్షశాస్త్రము చదివెదనన్నది. మూడు దినములు ఇంట వాదములు జరిగినవి. మా అత్తగారు ఒక్కమాటయు అనక, నాలుగవ నాడు తమ్మునితో, "నాయనా, ఇంటికో డాక్టరు కావాలంటే రోగులెవరు?" అనిరి. నవ్వుచునే అతడు ఒప్పుకొనెను, పూర్తిగా ఒప్పుకొనలేదు. ఇప్పుడామె మా ఊరి డిగ్రీ కళాశాలలో చదువుచున్నది. తండ్రి ఫోనులో మాటాడునపుడెల్ల తరువాత ఏమి చేయుదువని అడుగుచునే యున్నాడు. అప్పు తీరలేదు. ఆ ప్రశ్న అన్యాయమైనదియు కాదు.

పలక ఆ పిల్లను మార్చినదని మేమనము. ఆమె చెప్పవలసినది ఆమెలోనే యుండెను. అయితే చెప్పుటకు ఒక చోటు కావలెను. తప్పిన గీతను చింపివేయక దానిపై మరియొక పొర వేయవచ్చునని చేతికి తెలిసిన పిమ్మట, నోటికిని కొంత ధైర్యము కలుగునని మాత్రము మేము నమ్ముచున్నాము. ఇన్ని లక్షలమంది బిడ్డలను ఒకే పలకపై నుంచి ఒకే తీరుగా అచ్చుతీయవలెనను తొందరలో, ఏ బిడ్డయు రెండవ ప్రతి లేనిదని మరచుచున్నాము. అచ్చు సరిగా పడనిచో చెడినది కాగితమే యని తలంచి దానిని ప్రక్కకు త్రోయుచున్నాము.

ఇంకొక విషయము. ముద్రలను చూచిన ఇరుగుపొరుగువారు, "ఇంత బాగా వచ్చాయి, అమ్మరాదూ?" అని యడుగుచున్నారు. స్త్రీ సంపాదనను మేము ఆక్షేపించువారము కాము. దానికై ముందుతరమువారు పడిన పాట్లు మేమెరుగుదుము. కాని ఆడుదాని చేతిపనికి మన ఇండ్లలో ఇంతవరకు రెండే గతులున్నవి: పెండ్లిచూపులలో ప్రదర్శన, లేనిచో నాలుగు రూకల ఆదాయము. మగవాడు సాయంకాలము చీట్లాడినను, క్రికెట్టు చూచినను దానివలన ఏమి వచ్చినదని అడుగువారు లేరు. స్త్రీ ఒక గంట తనకై కూర్చున్నచో ఆ గంట లెక్క చెప్పవలసివచ్చుచున్నది. లెక్క చెప్పనక్కరలేని గంట యొకటి ప్రతి ఇల్లాలికిని ఉండుటయు సంస్కారములోని భాగమేనని మా అభిప్రాయము.

అట్లని లెక్కలన్నియు మానుమని కాదు. ఆక్రిలిక్ రంగు ప్లాస్టిక్కు. రోలరును కుళాయి క్రింద కడిగినచో ఆ కణములు కాలువలో పడి, కాలువ గోదావరిలో పడును. మేము రోలరుమీది రంగును పాత కాగితములపై దొర్లించి ఆరబెట్టుదుము. ఆ కాగితములే తరువాతి ముద్రలకు నేలలగును. పలకమీద మిగిలినదానిని గుడ్డతో తుడిచి, గుడ్డను ఆరనిచ్చి చెత్తలో వేయుదుము. కడుగక తప్పనిచో ఒక డబ్బాలో కడిగి, మడ్డి దిగనిచ్చి, ఆరబెట్టి తీసివేయుదుము. మన వినోదము ఏటికి భారము కారాదు.

ఈ పని చేయదలచిన ఇండ్లవారికి మేము చెప్పునది స్వల్పము. ఒక బల్ల, వారమునకొక గంట, దొడ్డిలోని నాలుగు ఆకులు. మూడు రంగులకు మించి మొదట కొనవలదు. కత్తి, సూది పలకకు తగులనీయవలదు. పిల్లలు చేసినదానికి మొదటి బహుమానము, రెండవ బహుమానము పెట్టవలదు. ఫోనులో ఫొటో తీసి బంధువులకెల్ల పంపి వారి మెప్పునకై కాచుకొనవలదు. బాగుగ రాని కాగితమును పారవేయక, తేదీ వేసి, దస్త్రములో నుంచవలెను. దానిమీద వేయదగిన పొర ఏదియో మరునాడు తెలియవచ్చును, మరుసంవత్సరమున తెలియవచ్చును. మా దస్త్రములో ఇంకను పొర దొరకని కాగితములు ముప్పది యున్నవి. వానిని గూర్చి మాకు చింత లేదు.